చూసింది చెప్పినా నమ్మరు: కార్నెల్ ఊల్‌రిచ్ జీవితం, ఆయన నవలల సినిమాలు

డిటెక్టివ్ నవల అనగానే మన పెద్దవాళ్ళకు కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ గుర్తుకొస్తాడు. ఆ తర్వాతి తరానికి మధుబాబు గారి షాడో గుర్తుకొస్తాడు. యుగంధర్‌కి తెలివి ఉంది, షాడోకి బలం ఉంది. ఆఖరి పేజీకి వాళ్ళే గెలుస్తారని మొదటి పేజీలోనే మనకు తెలుసు. ఈ వార్షికోత్సవ సంచికలో నేను పరిచయం చేస్తున్న రచయిత కథల్లో అలాంటి వీరుడు దాదాపు కనబడడు. కాలు విరిగి కుర్చీకి అతుక్కుపోయినవాడు, అబద్ధాలకోరని పేరుపడ్డ పిల్లవాడు, మొగుడు వదిలేసిన ఆడది, జేబులో చిల్లర కూడా లేని గుమాస్తా, వీళ్ళే ఆయన నాయకులు. వీళ్ళు హత్య చూస్తారు. లేకపోతే హత్య తాము చెయ్యలేదని మొత్తుకుంటారు. రెండింటిలో ఏదైనా సరే, వాళ్ళ మాట వినే నాథుడుండడు.

ఆయన పేరు కార్నెల్ ఊల్‌రిచ్. అమెరికా రచయిత. 1903 డిసెంబరు 4న న్యూయార్క్‌లో పుట్టారు, 1968 సెప్టెంబరు 25న అదే నగరంలో చనిపోయారు. మనలో చాలామంది ఆయన పేరు విని ఉండరు. కానీ ఆయన కథ ఒకటి హిందీలో 'కటీ పతంగ్'గానూ, తెలుగులో శోభన్ బాబు నటించిన 'పున్నమి చంద్రుడు'గానూ మన ఊళ్ళకు ఎప్పుడో వచ్చేసింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు మనిషి గురించి.

తండ్రి సివిల్ ఇంజనీరు. తల్లి పేరు క్లెయిర్, కాస్త కలిగిన కుటుంబం. వాళ్ళ కాపురం నిలవలేదు. పిల్లవాడి బాల్యంలో కొంత భాగం తండ్రి దగ్గర మెక్సికోలో గడిచింది. అప్పుడక్కడ విప్లవం నడుస్తోంది. వీధుల్లో పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరుకుని దాచుకునేవాడట. తర్వాత న్యూయార్క్‌లో తల్లి దగ్గరికి, తాతగారింటికి చేరాడు. తన బాల్యం గురించి ఆయన రాసుకున్నదాంట్లో కథ ఎంతో, నిజం ఎంతో విడదీయడం కష్టమని ఆయన జీవిత చరిత్ర రాసిన ఫ్రాన్సిస్ నెవిన్స్ అంటారు. ఆ పుస్తకం 1988లో వచ్చింది. కాబట్టి నేనూ బాల్యం దగ్గర ఎక్కువసేపు ఆగను.

1921లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. చదువు మధ్యలో ఏదో జబ్బు చేసి కొన్ని వారాలు ఇంట్లో పడుకోవాల్సి వచ్చింది. ఏమీ తోచక కాగితాలు ముందేసుకుని నవల రాయడం మొదలుపెట్టారు. అది 1926లో 'కవర్ చార్జ్' పేరుతో అచ్చయింది. అంతే, డిగ్రీ పూర్తి చేయకుండానే కాలేజీ వదిలేశారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేత పట్టుకున్న మొదటి మనిషిని నేను. ఎవరైనా కావాలని చదువు వదిలేశారంటే నాకు లోపల కొంచెం కోపం వస్తుంది. ఈయన మీదా వచ్చింది. ఆ కోపం ఎలా పోయిందో ఈ వ్యాసం చివరకు వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మొదట్లో ఆయన రాసినవి నేర నవలలు కావు. డబ్బున్న కుర్రకారు డాన్సులు, ప్రేమలు, షికార్లు, ఇవే. రెండో నవల 'చిల్డ్రన్ ఆఫ్ ది రిట్జ్'కి 1927లో పదివేల డాలర్ల బహుమతి వచ్చింది. ఒక కాలేజీ హాస్య పత్రికా ఒక సినిమా కంపెనీ కలిసి ఇచ్చిన బహుమతి అది. 1929లో ఆ నవల సినిమా అయింది. ఆయన హాలీవుడ్ వెళ్ళారు. అక్కడ మూకీల కాలపు పెద్ద నిర్మాత స్టూవర్ట్ బ్లాక్‌టన్ కూతురిని 1930లో పెళ్ళి చేసుకున్నారు. కొద్ది నెలలకే ఆ పెళ్ళి చెడింది. 1933లో కోర్టు దాన్ని రద్దు చేసింది. ఆయన న్యూయార్క్‌కి తల్లి దగ్గరికి వచ్చేశారు. ఆ తర్వాత మళ్ళీ పెళ్ళి మాట లేదు, పిల్లలు లేరు.

అప్పటికి అమెరికాలో ఆర్థిక మాంద్యం. ఊరంతా పని లేక తిరుగుతుంటే డాన్సు నవలలు ఎవరు కొంటారు? 1932లో వచ్చిన 'మాన్‌హట్టన్ లవ్ సాంగ్' తర్వాత ఆయన పుస్తకాలు ఆగిపోయాయి. ముప్ఫై ఏళ్ళకే ఆయన పనైపోయిందనుకున్నారు.

ఆ కాలంలో అక్కడ పల్ప్ పత్రికలు అని ఉండేవి. చవకరకం గరుకు కాగితం మీద అచ్చేసి పది, పదిహేను సెంట్లకు అమ్మే కథల పత్రికలు. రచయితకు మాటకు ఒక సెంటు చొప్పున లెక్కకట్టి ఇచ్చేవారు. కొంచెం పేరొస్తే ఇంకొంచెం ఎక్కువ. మన దగ్గర రైల్వే స్టేషన్ పుస్తకాల బడ్డీల్లో దొరికిన పాకెట్ సైజు నవలలు గుర్తు చేసుకోండి, ఆ జాతివే. 1934 ఆగస్టులో 'డిటెక్టివ్ ఫిక్షన్ వీక్లీ' అనే పత్రికలో ఊల్‌రిచ్ మొదటి నేర కథ వచ్చింది. పంటి డాక్టరు కుర్చీలో కూర్చున్నవాడు చనిపోయే కథ. అప్పటినుంచి రాస్తూనే ఉన్నారు. కొన్నేళ్ళలో ఇలాంటివి వందకు పైగా కథలు రాశారు. బ్రాడ్‌వే వీధిలో హోటల్ మార్సెయ్ అనే చోట తల్లితో కలిసి ఒక వాటాలో ఉంటూ, ఎక్కడికీ పెద్దగా వెళ్ళకుండా, ఎవరితోనూ కలవకుండా రాశారు.

ఇక్కడ ఆయన అంకితాల గురించి చెప్పాలి. 1940లో వచ్చిన ఆయన మొదటి నేర నవల 'ది బ్రైడ్ వోర్ బ్లాక్'ని అంకితం ఇచ్చినవారిలో ఆయన టైప్ మిషను ఒకటి! కంపెనీ పేరు, మిషను నంబరుతో సహా వేశారు. 1942లో 'ఫాంటమ్ లేడీ' నవలను ఒక హోటల్ గదికి అంకితమిచ్చారు, తానిప్పుడు ఆ గదిలో లేనందుకు కృతజ్ఞతతో! ఇది చదివి నేను ఒక్కడినే పడీపడీ నవ్వాను. నాలుగేళ్ళు ఒకే గదిలో ట్రంకు పెట్టెల మధ్య పడుకున్నవాడికి ఆ కృతజ్ఞత ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి నవల పేరులోనే నలుపు ఉంది. తర్వాత వరసగా 'ది బ్లాక్ కర్టెన్', 'బ్లాక్ ఎలిబై', 'ది బ్లాక్ ఏంజెల్', 'ది బ్లాక్ పాత్ ఆఫ్ ఫియర్', 1948లో 'రెండెవూ ఇన్ బ్లాక్'. ఒకే పేరు మీద ఇన్ని పుస్తకాలు వెయ్యలేరు కాబట్టి విలియం ఐరిష్ అని ఒక కలం పేరు, జార్జ్ హాప్లీ అని ఇంకొకటి పెట్టుకున్నారు. హాప్లీ అన్నది ఆయన అసలు ఇంటిపేరులో ముక్కే. ఫ్రెంచి భాషలో 'న్వార్' అంటే నలుపు. 1945లో పారిస్‌లో గాలిమార్ సంస్థ నేర నవలలను 'సెరీ న్వార్' అనే వరసగా వెయ్యడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అక్కడి విమర్శకులు అమెరికా నుంచి వచ్చిన చీకటి నిండిన నేర సినిమాలను 'ఫిల్మ్ న్వార్' అన్నారు. ఆ మాట పుట్టే సమయానికి ఊల్‌రిచ్ కథలతో ఐదారు సినిమాలు అప్పటికే తెర మీద ఉన్నాయి.

ఆయన సినిమాలన్నీ చెబితే ఈ సంచిక చాలదు. నాకు బాగా నచ్చినవే చెబుతాను.

'బ్లాక్ ఎలిబై' నవలను 1943లో 'ది లెపర్డ్ మాన్' అని తీశారు. దర్శకుడు జాక్ టూర్నర్. సినిమా మొత్తం మీద నాకు అంత గురి లేదు, చివర తేలిపోతుంది. కానీ మొదట్లో ఒక ఘట్టం ఉంది. ఊళ్ళో చిరుతపులి తప్పించుకుంది. ఒక పేదింట్లో తల్లి, రాత్రి వంటకి మొక్కజొన్న పిండి లేదని కూతుర్ని దుకాణానికి పొమ్మంటుంది. పిల్ల భయపడుతుంది. తల్లి వినదు, బయటికి తోసి తలుపు గడియ పెడుతుంది. దగ్గర దుకాణం మూసేశారు, దూరం పోవాలి. పిల్ల తిరిగొచ్చి తలుపు బాదుతుంది, పులి వస్తోందని అరుస్తుంది. తల్లి నమ్మదు. నమ్మేసరికి గడియ బిగుసుకుపోతుంది. తలుపు కింది సందులోంచి లోపలికి నెత్తురు పారుతుంది. పులిని మనకు దాదాపు చూపించనే చూపించరు. మా ఊళ్ళో ఇప్పటికీ చీకటి పడ్డాక ఉప్పుకో నూనెకో పంపేది ఆడపిల్లనే. ఆ తల్లి చెడ్డది కాదు, పొయ్యి మీద ఎసరు పెట్టుకున్న మనిషి, అంతే. అందుకే ఆ దృశ్యం మరింత భయం వేస్తుంది.

'ఫాంటమ్ లేడీ' 1944లో రాబర్ట్ సియోడ్‌మాక్ దర్శకత్వంలో వచ్చింది. భార్యతో పోట్లాడి బయటికొచ్చిన ఒకాయన, వింత టోపీ పెట్టుకున్న తెలియని ఆవిడతో ఒక సాయంత్రం గడుపుతాడు. పేర్లు చెప్పుకోరు. ఇంటికొచ్చేసరికి భార్య హత్య అయి ఉంటుంది. తను ఆ సమయంలో ఫలానా ఆవిడతో ఉన్నానని చెబితే బారులో నౌకరు, టాక్సీ డ్రైవరు, నాటకశాలలోవాళ్ళు, అందరూ నిన్ను చూశాం గానీ నీ పక్కన ఎవరూ లేరంటారు. మరణశిక్ష పడుతుంది. నవలలో అధ్యాయాలకు పేర్లుండవు, శిక్షకు ఇంకా ఎన్ని రోజులున్నాయో ఆ లెక్కే ఉంటుంది. 1983లో వచ్చిన మన 'అభిలాష' చూసినవాళ్ళకు ఉరి తేదీ దగ్గరపడుతుంటే కలిగే ఊపిరాడనితనం తెలుసు. కథ వేరు, ఊపిరాడకపోవడం ఒకటే. సినిమాలో ఆ ఆవిడని వెతికే పని అతని ఆఫీసులో పనిచేసే అమ్మాయి చేస్తుంది. నవల కంటే సినిమాలో ఆమెకు ఎక్కువ చోటు దొరికింది, అది మంచి మార్పు.

'డెడ్‌లైన్ ఎట్ డాన్' విషయంలో మాత్రం నేను నవల పక్షమే. 1944లో విలియం ఐరిష్ పేరుతో వచ్చింది, 1946లో సినిమా అయింది. నవల అంతా ఒకే రాత్రి. అధ్యాయాలకు అంకెల బదులు గడియారం బొమ్మలు. న్యూయార్క్‌లో డబ్బులకు డాన్సు చేసే ఒక అమ్మాయి, దొంగతనం చేసి భయపడుతున్న ఒక అబ్బాయి కలుస్తారు. మాటల్లో ఇద్దరిదీ ఒకే చిన్న ఊరని తెలుస్తుంది. తెల్లవారుజామున ఆ ఊరికి బస్సు. దాన్ని అందుకుంటే బతికినట్టు, తప్పితే ఈ నగరం మళ్ళీ వదలదని ఆ అమ్మాయి నమ్మకం. ఈలోగా ఒక హత్య వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. హంతకుణ్ణి పట్టుకుంటేనే బస్సు ఎక్కగలరు. సినిమాలో కథ మార్చేశారు, మాటలు ఎక్కువైపోయాయి, బస్సు మీద ఉన్న ఆ ఆరాటం పలచబడిపోయింది. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో సంకురాత్రి ముందు రోజుల్లో తెల్లవారుజామున దిగే బస్సుల్ని చూసినవాళ్ళకు ఆ నవల వేరే అర్థం చెప్పనక్కర్లేదు. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి, చెన్నై నుంచి సంచులు నెత్తిన పెట్టుకుని మనవాళ్ళు దిగుతారు. మా నాన్న అలా దిగినప్పుడు నేను వెళ్ళి సంచి అందుకునేవాడిని. నగరం మనిషిని పట్టుకుని వదలదన్న మాట ఊల్‌రిచ్ ఊహించి రాసి ఉండొచ్చు, మనవాళ్ళకు అది అనుభవం.

1946లోనే వచ్చిన 'బ్లాక్ ఏంజెల్' సినిమా చాలామంది విమర్శకులకు ఇష్టం. రచయితకు మాత్రం అస్సలు నచ్చలేదు. థియేటర్ నుంచి సిగ్గుతో బయటికి వచ్చానని కొలంబియా అధ్యాపకుడు, కవి మార్క్ వాన్ డోరెన్‌కు ఉత్తరంలో చెప్పుకున్నారు. తన కథను ఎవరో ఏదో చేస్తే చెప్పుకోవడానికి ఆయనకు ఇంకెవరూ లేరేమో.

ఇప్పుడు 'కటీ పతంగ్' సంగతి. విలియం ఐరిష్ పేరుతో 1948లో 'ఐ మ్యారీడ్ ఎ డెడ్ మాన్' అనే నవల వచ్చింది. ఒకడు మోసం చేసి వదిలేసిన గర్భిణి రైల్లో పోతుంటుంది. అదే రైల్లో కొత్తగా పెళ్ళయిన ఒక జంట పరిచయమవుతారు. ఆ భార్య కూడా గర్భిణే. అత్తవారు ఇంకా ఆమెను చూడనే లేదు. సరదాగా తన పెళ్ళి ఉంగరం ఈమె వేలికి తొడుగుతుంది. అంతలో రైలు ప్రమాదం. ఆ జంట చనిపోతారు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి, వేలికి ఉన్న ఉంగరాన్ని బట్టి ఈమెనే ఆ ఇంటి కోడలనుకుంటారు. పుట్టిన బిడ్డకు తిండి కావాలి, నీడ కావాలి. ఆమె నిజం చెప్పదు. ఆ ఇంట్లోవాళ్ళు ఎంత మంచివాళ్ళైతే ఆమెకు అంత నరకం. తర్వాత ఆ మోసగాడు వెతుక్కుంటూ వస్తాడు.

దీన్ని 1950లో బార్బరా స్టాన్‌విక్‌తో 'నో మాన్ ఆఫ్ హర్ ఓన్' అని తీశారు. ఆ తర్వాత మన దేశానికి వచ్చింది. గుల్షన్ నందా దాన్ని ఆధారం చేసుకుని రాసిన కథతో శక్తి సామంత 1970లో 'కటీ పతంగ్' తీశారు. ఆశా పారేఖ్, రాజేష్ ఖన్నా నటించారు. ఆశా పారేఖ్‌కు ఆ పాత్రకే ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. తమిళంలో 1981లో 'నెంజిల్ ఒరు ముళ్', తెలుగులో 1987లో 'పున్నమి చంద్రుడు' దాని రీమేకులే. ఇందులో నాకు ముఖ్యంగా తోచిన మార్పు ఒకటి ఉంది. నవలలో బిడ్డ ఆమె సొంత బిడ్డ, పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ. 'కటీ పతంగ్'లో ఆమె పెళ్ళిపీటల మీంచి వెళ్ళిపోయిన అమ్మాయి, బిడ్డ మాత్రం చనిపోతున్న స్నేహితురాలు చేతిలో పెట్టిన బిడ్డ. అంటే ఆమె చెప్పే అబద్ధం తన కోసం కాదు, మాట నిలబెట్టుకోవడం కోసం. మన ప్రేక్షకులు నాయికను క్షమించాలంటే అలా మార్చక తప్పదనుకుని ఉంటారు. దాంతో కన్నీళ్ళు పెరిగాయి, భయం తగ్గింది. అసలు నవలలోని ఆడమనిషిని క్షమించమని రచయిత మనల్ని అడగడు. ఆకలి మీద ఉన్న మనిషి ముందు అన్నం పెట్టి, ఇది నీది కాదు కదా అని చెవిలో అంటుంటాడు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస, రాయగడ పాసింజర్లు ఢీకొన్న తర్వాత నేను ఈ నవల రైలు అధ్యాయాన్ని మళ్ళీ చదవలేకపోయాను. మన జిల్లాల్లో పనికి పోయి వచ్చేవాళ్ళు, చదువుకునేవాళ్ళు రోజూ ఎక్కే బళ్ళు అవి.

అన్నిటికంటే పేరున్నది 'రియర్ విండో'. ఈ సినిమా గురించి సినిమా పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. హిచ్‌కాక్ దర్శకత్వం, జేమ్స్ స్టూవర్ట్, గ్రేస్ కెల్లీ, 1954. దాని మూలకథ మాత్రం 1942 ఫిబ్రవరి 'డైమ్ డిటెక్టివ్' పత్రికలో వచ్చిన ఊల్‌రిచ్ కథ. గదిలోంచి కదలలేని ఒక మనిషి, వెనక కిటికీలోంచి ఎదురు వాటాలవాళ్ళ బతుకులు చూస్తూ పొద్దుపుచ్చుతుంటాడు. ఒక ఇంట్లో జబ్బుమనిషి భార్య కనబడడం మానేస్తుంది. భర్త ఆమెను చంపాడని ఇతనికి అర్థమవుతుంది. పోలీసు స్నేహితుడికి చెబితే నమ్మడు. సినిమాలో కాలికి కట్టు మొదటే కనిపిస్తుంది. కథలో ఆ మనిషి ఎందుకు కదలడం లేదో చివరిదాకా చెప్పడు, ఆఖర్న డాక్టరు కట్టు విప్పడానికి వస్తే అప్పుడు తెలుస్తుంది. సినిమాలో అందమైన ప్రేయసి, హాస్యమాడే నర్సు ఉన్నారు. కథలో వాళ్ళెవరూ లేరు. పనిచేసిపెట్టే ఒక మనిషి ఉన్నాడంతే. సినిమా కథకంటే రక్తి కడుతుంది, ఒప్పుకుంటాను. పారమౌంట్ స్టూడియోలో పెరడుతో సహా వాటాల సముదాయం మొత్తం సెట్ వేశారు. ఒక్కో కిటికీ ఒక్కో సినిమా. కానీ కథలో ఉన్న ఒంటరితనం ఆ సందడిలో ఎక్కడో పోయింది.

ఆ సినిమాతో ఎవరికి ఎంత వచ్చిందో చూడండి. 1945లో ఊల్‌రిచ్ ఈ కథతో కలిపి ఆరు కథల సినిమా హక్కులు 9,250 డాలర్లకు ఒక నిర్మాణ సంస్థకు ఇచ్చేశారు. 1953లో హిచ్‌కాక్, స్టూవర్ట్ కలిసి పెట్టిన కంపెనీ ఈ ఒక్క కథ హక్కులను పదివేల డాలర్లకు కొంది. ఆ పదివేలలో రచయితకు పైసా రాదు. ఆయన కథకి ఎవరో ఎవరికో ఇచ్చుకున్న డబ్బు అది. సినిమా విడుదలైతే తనకు ఒక టిక్కెట్టు కూడా పంపలేదని ఆయన బాధపడేవారట. అదే ఊళ్ళో, అందరికీ తెలిసిన చిరునామాలోనే ఉన్నారు.

1957లో తల్లి చనిపోయింది. అప్పటికే రాయడం తగ్గిపోయింది. ఆ తర్వాత తాగుడు, చక్కెర వ్యాధి, హోటల్ గదులు మారడం. బిగుతైన బూటు వల్ల కాలికి పుండు పడితే డాక్టరు దగ్గరికి పోకుండా ఊరుకున్నారు. అది కుళ్ళింది. 1968 మొదట్లో కాలు తీసేశారు. కాలు కదపలేక కిటికీ దగ్గర కూర్చున్న మనిషి కథ రాసినాయన చివరి నెలలు హోటల్ హాల్లో చక్రాల కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తూ గడిపారు. ఇది నేను కల్పించింది కాదు. కథలో రాస్తే ఎవరూ నమ్మరు. ఫ్రాన్స్‌లో త్రూఫో ఆయన మొదటి నేర నవలను అదే ఏడాది సినిమా తీశారు, మరుసటి ఏడాది 'వాల్ట్జ్ ఇన్‌టు డార్క్‌నెస్' నవలను 'మిసిసిపి మెర్మెయిడ్'గా తీశారు. రెండోది వచ్చేసరికి రచయిత లేరు.

అలా గదుల్లో బతికిన మనిషి దగ్గర డబ్బు ఉందని ఎవరూ అనుకోరు. ఉంది. దాదాపు ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. 1968 నాటి లెక్కలో అది పెద్ద ఆస్తి. మొత్తం కొలంబియా విశ్వవిద్యాలయానికి రాసేశారు, తల్లి పేరు మీద రచన నేర్చుకునే విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇమ్మని. తను పూర్తి చెయ్యని డిగ్రీ చదువు, తను వదిలేసిన అదే కాలేజీ! నేను కోపం పోయిందన్నది ఇక్కడే. స్కాలర్‌షిప్ మంజూరు అయిందో లేదో చూసుకోవడానికి నెట్ సెంటర్ చుట్టూ తిరిగినవాళ్ళు, అది పడితేగాని పరీక్ష ఫీజు కట్టలేనివాళ్ళు ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు.

కథ అక్కడితో అయిపోలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం రచన హక్కు మొదట 28 ఏళ్ళే, తర్వాత దాన్ని రెన్యువల్ చేసుకోవాలి. సినిమా వాళ్ళకు రెన్యువల్ తర్వాత కూడా హక్కు ఇస్తానని ఊల్‌రిచ్ ఒప్పుకున్నారు. కానీ ఆ గడువు రాకముందే చనిపోయారు. ఆయన ఆస్తి చూస్తున్న చేజ్ మాన్‌హట్టన్ బ్యాంకు 1969లో కొలంబియా స్కాలర్‌షిప్ నిధి కోసం ఆ హక్కును రెన్యువల్ చేసింది. తర్వాత షెల్డన్ ఏబెండ్ అనే ఆయనకు 650 డాలర్లకూ, వచ్చే రాబడిలో పదోవంతుకూ అమ్మింది. సినిమాను టీవీలో వేస్తే ఏబెండ్ కేసు పెట్టారు. సినిమా వాళ్ళు పాతిక వేల డాలర్లిచ్చి సర్దుకున్నారు. 1983లో 'రియర్ విండో' మళ్ళీ విడుదలై కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా తెచ్చింది. మళ్ళీ కేసు. అది సుప్రీం కోర్టు దాకా పోయింది. 1990లో ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. తీర్పు ఏబెండ్‌కు అనుకూలంగా వచ్చింది. మాట ఇచ్చినవాడు గడువుకు ముందే పోతే, ఆ మాట వారసులను కట్టెయ్యదని కోర్టు చెప్పింది. రచయితల హక్కుల గురించి చదివే లా విద్యార్థులు ఈ కేసు చదవాల్సిందే. మన హాస్టల్ పూర్వ విద్యార్థుల్లో లాయర్లున్నారు కదా, వాళ్ళు ఇంకా బాగా వివరించగలరు. నేను గమనించింది ఒక్కటే. బతికున్నప్పుడు టిక్కెట్టు కూడా దక్కని మనిషి కథకు, ఆయన పోయిన ఇరవై రెండేళ్ళకు, దేశంలో అత్యున్నత న్యాయస్థానం చెవి ఒగ్గింది.

చివరగా, ఆయన సినిమాల్లో మొదట ఏది చూడాలని మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగితే నేను 'ది విండో' అంటాను. 1949లో వచ్చింది. మన 'నాన్నా పులి' కథ తెలియనివాళ్ళు ఎవరూ ఉండరు. ఇదీ అదే, కానీ పట్నంలో. న్యూయార్క్‌లో ఇరుకు వాటాలు, ఉక్కపోత రాత్రి. ఎప్పుడూ గొప్పలు కోసే ఒక గుంటడు, గాలి కోసం బయటి ఇనుప మెట్ల మీద పడుకుంటాడు. పై అంతస్తులో ఒక జంట ఒకతన్ని చంపడం కిటికీలోంచి చూస్తాడు. తల్లికి చెబితే కల అంటుంది. తండ్రికి చెబితే సిగ్గుపడతాడు. పోలీసులకు చెబితే నవ్వుతారు. తల్లి అంతటితో ఆగదు, పైవాళ్ళకు క్షమాపణ చెప్పమని వాణ్ణి ఆ ఇంటికే తీసుకుపోతుంది. అంటే చూసినవాడు ఎవడో హంతకులకు తెలిసిపోయింది. నమ్మేది వాళ్ళొక్కరే! నాన్నా పులి కథలో తప్పంతా పిల్లవాడిదే అని మనకు నేర్పారు. ఈ సినిమాలో తప్పు పెద్దవాళ్ళ మీదికి కూడా జరుగుతుంది. ఆ వేషం వేసిన బాబీ డ్రిస్కల్‌కు ఆ ఏడాది బాలనటుడిగా ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా ఫరవాలేదు, కళ్ళతోనే అర్థమవుతుంది. మొత్తం 73 నిమిషాలు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వేస్తే సాయంత్రం స్టడీ అవర్‌కు ముందే అయిపోతుంది.